పులస పిల్లల దారిలో ఆరు రోజులు

పులస కోసం గోదారికి వెళ్లేవాళ్లంతా శ్రావణ భాద్రపదాల్లో వెళ్తారు. ఎర్రనీరు దిగి, రేవుల్లో వేలం పాటలు మొదలై, ఒక్కో చేప వేలల్లో పలికి, మర్నాడు పేపర్లో ఫొటో పడే రోజులవి. నేను మార్గశిరంలో బయల్దేరాను. అప్పటికి పులస మాట ఎవరూ ఎత్తరు. సముద్రంలోంచి ఎదురీది వచ్చిన తల్లి చేపలు చాలావరకు వలల్లో పడిపోయి ఉంటాయి. తప్పించుకున్నవి గుడ్లు పెట్టి తిరిగి ఉప్పునీటికి వెళ్లిపోయి ఉంటాయి. కానీ వాటి పిల్లలు ఆ నెలల్లో నదిలోనే ఉండాలి. నేను చూడాలనుకున్నది వాటిని.

మాది రాజోలు వైపు. ఊహ తెలిసినప్పటి నుంచి పులస తింటున్నాను. అమ్మ కట్టెల పొయ్యి మీద మట్టి దాకలో పులుసు పెట్టి, బెండకాయలు వేసి, దించే ముందు కాస్త వెన్న వేసి, మర్నాటిదాకా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. కడుపులో శన, అంటే గుడ్లు, ఉంటే ఇంట్లో పండగే. ఇంత తిన్నాను గానీ, అరచేతికన్నా చిన్న పులసను నా జన్మలో చూడలేదని మొన్న ఆగస్టులో హఠాత్తుగా తట్టింది. పుట్టిన ప్రతి జీవికీ చిన్నతనం ఉంటుంది కదా. పులస చిన్నతనం ఎక్కడ గడుస్తుంది? ఎలా గడుస్తుంది?

తల్లి చేపల దారి కింది నుంచి పైకి. పిల్లల దారి పై నుంచి కిందికి. కాబట్టి నేనూ పై నుంచే మొదలుపెట్టాను.

మొదటి రోజు: పోలవరం

రాజమండ్రి నుంచి కొవ్వూరు, తాళ్లపూడి, గూటాల మీదుగా బస్సు. చాలా దూరం ఏటిగట్టు పక్కనే ప్రయాణం. చలికాలం గోదారి వరద గోదారిలా ఉండదు. నీరు తేటబడి, ఇసుక తిన్నెలు బయటపడి, పట్టిసీమ గుడి ఉన్న దిబ్బ రెట్టింపు పెద్దదిగా కనిపిస్తుంది.

పోలవరం ప్రాజెక్టు లోపలికి వెళ్లే అనుమతి నాకు లేదు. దూరం నుంచే చూశాను. వరద నీరు కిందికి వదిలే 48 గేట్ల స్పిల్‌వే. 2021 జూన్ నుంచి గోదావరి తన పాత దారి వదిలి ఈ గేట్ల గుండానే పారుతోంది. ఈ స్పిల్‌వేలో చేపల కోసం ప్రత్యేకంగా ఒక నిచ్చెన దారి కట్టారు, ఫిష్ ల్యాడర్ అంటారు. ముఖ్యంగా పులసను దృష్టిలో పెట్టుకునే కట్టారు. పెద్ద ప్రాజెక్టు కట్టేటప్పుడు ఒక చేప ఎలా వెళ్తుందని ఆలోచించడం మన దగ్గర అరుదు. అందుకు నాకు నిజంగా సంతోషమే.

రేవు దగ్గర ఒక ముసలాయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. పక్కన చేరి, "తాతా, ఇక్కడ పులస పడేదా?" అని అడిగాను.

"ఎందుకు పడదు బాబూ. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట ఉన్నప్పుడు, వరద దాని మీంచి పొర్లిందంటే పైకి వచ్చేసేది. భద్రాచలం దాకా పోయేదని మా అయ్య చెప్పేవాడు. ఇప్పుడు ఎప్పుడో ఒకటి. అది కూడా పడిందంటే ఊరంతా చూడ్డానికి వస్తారు."

ఆ మాట విన్నాక నిచ్చెన గురించి నా సంతోషం కాస్త తగ్గింది. పోలవరానికి కిందన 42 కిలోమీటర్ల దూరంలో ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. పులస సముద్రం నుంచి వచ్చేటప్పుడు మొదట ఎదురయ్యేది అదే. వీధి తలుపు మూసి ఉండగా మేడ మీదికి మెట్లు కట్టినట్టే కదా ఇది. పైగా పులస అమెరికా నదుల్లో సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదు. నీటిలోనే, బలంగా, గుంపుగా ఈదుతుంది. సాల్మన్‌ని చూసి గీసిన నిచ్చెన అయితే పులసకు పనికి రాదు.

ఇంకొకటి. నిచ్చెన అంటే మనకు తల్లి పైకి ఎక్కడమే గుర్తొస్తుంది. పైన పుట్టిన పిల్ల కిందికి ఎలా దిగాలి? బెత్తెడు కూడా లేని పిల్ల, కదలని జలాశయంలో, ప్రవాహం ఎటు ఉందో తెలియక తిరుగుతుంది. నదిలో అయితే నీరే దానికి దారి చూపిస్తుంది. ఈ సందేహం ముసలాయనకి చెబితే వల మీంచి తల ఎత్తకుండానే, "దిగడమే కష్టం బాబూ, నావకైనా అంతే" అన్నాడు.

రెండో రోజు: ధవళేశ్వరం

పొద్దున్నే ధవళేశ్వరం. బ్యారేజీ మీద నడవాలని ఎప్పటి నుంచో కోరిక. నాలుగు చేతులుగా ఉంటుంది: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్య మధ్య లంకలు. మొత్తం 175 గేట్లు. చివరిదాకా నడిచే ఓపిక లేక సగం ఆటోలో వెళ్లాను.

కాటన్ దొర గురించి ఇక్కడ తేలిగ్గా మాట్లాడకూడదు, నేను మాట్లాడను. 1833 కరువు, 1839 ఉప్పెన తర్వాత గోదావరి జిల్లా ఎంత దీనంగా ఉండేదో పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. 1847లో మొదలుపెట్టి 1852లో ఆయన ఆనకట్ట పూర్తి చేశాడు. ఆయన పేర తర్పణం వదిలిన ఇళ్లు ఉన్నాయి. సుమారు పది లక్షల ఎకరాలు ఈ నీటితో పండుతున్నాయి. మా ఇంట్లో తిన్న ప్రతి ముద్దలో ఆ నీరు ఉంది. అయినా ఆ రోజు నదిని అన్నం వైపు నుంచి కాకుండా చేప వైపు నుంచి చూద్దామని వచ్చాను. చేప వైపు నుంచి చూస్తే 1852 ఒక తలుపు వేసిన ఏడాది.

ఈ సంగతి తెల్లవాళ్లకీ తెలియనిది కాదు. మన దేశపు మంచినీటి చేపల మీద సర్వే చేసిన ఫ్రాన్సిస్ డే, నదులకు అడ్డంగా కట్టిన కట్టల వల్ల ఎదురీదే చేపలకు జరుగుతున్న నష్టం గురించి 1873లోనే ప్రభుత్వానికి రాశాడు. వినే పరిస్థితి అప్పుడూ లేదు. కావేరిలో 1934లో మెట్టూరు డ్యామ్ పూర్తయ్యాక అక్కడి పులస వేట పడిపోయింది. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక, ఒకప్పుడు అలహాబాదు దాటి వెళ్లిన ఇలిష్ చేప ఆ ఎగువ ఊళ్ల సంతల్లో కనబడకుండా పోయింది. ఇలిష్ అన్నా పులస అన్నా ఒకటే జాతి.

పాత ఆనకట్ట తక్కువ ఎత్తు గోడ. వరద వస్తే మునిగిపోయేది. 1970ల్లో పని మొదలై 80ల మొదట్లో పూర్తయిన ఈ బ్యారేజీకి గేట్లు ఉన్నాయి. వరద పెద్దదైతే గేట్లన్నీ ఎత్తేస్తారు. దిగువన వల వేస్తున్న అన్నయ్య ఒకాయన చెప్పాడు: "గేట్లు ఎత్తిన రోజుల్లో కొన్ని దాటతాయండి. దించారంటే ఆ గోడ కాడే తిరుగుతూ ఉంటాయి. మరి వలలన్నీ ఇక్కడే ఎందుకుంటాయనుకున్నారు?"

తల్లి దాటలేకపోతే గుడ్లు ఇక్కడే, గోడ కిందే పెట్టేస్తుంది. శన నిండిన కడుపుతో ఎన్నాళ్లని ఆగుతుంది? పెద్ద పులస కడుపులో పది లక్షలు, ఇంకా పైన కూడా గుడ్లు ఉంటాయి. బయటికొచ్చిన గుడ్డు నీరు పీల్చి ఉబ్బి రెండు మిల్లీమీటర్లు అవుతుంది. వానాకాలపు వెచ్చటి నీటిలో దాదాపు ఒక రోజులో పగులుతుంది. బయటికి వచ్చే పిల్ల మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దానికి నోరు తెరుచుకోదు, రెక్కలు సరిగా ఉండవు. కొద్ది రోజులు పొట్టకున్న పచ్చసొన సంచి మీదే బతకాలి.

బ్యారేజీ రెయిలింగుకి ఆనుకుని ఫోన్‌లో ఒక చిన్న లెక్క వేశాను. ఇక్కడి నుంచి సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. వరదలో నీరు సెకనుకు ఒక్క మీటరు చొప్పున పారుతుందనుకుందాం, ఇది ఎక్కువేమీ కాదు. రోజుకి 86,400 సెకన్లు. అంటే నీటిలో కొట్టుకుపోయే గుడ్డు ఒక్క రోజులో 86 కిలోమీటర్లు పోతుంది. గుడ్డు పగిలేసరికి పిల్ల సముద్రం ముంగిట్లో ఉంటుంది.

ఆ లెక్క చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

పోటు వచ్చి నీరు వెనక్కి నెడుతుంది, లంకల పక్కన, పాయల్లో, మొక్కల మొదళ్లలో నీరు నెమ్మదిస్తుంది, కొన్ని పిల్లలు అక్కడ ఆగుతాయి. అందుకే జాతి ఇంకా బతికుంది. కానీ తల్లి రెండు మూడు వందల కిలోమీటర్లు పైకి వెళ్లి గుడ్లు పెడితే పిల్లకి దారి పొడవునా ఆగే చోట్లు దొరుకుతాయి, రోజులు దొరుకుతాయి, కళ్లూ నోరూ రెక్కలూ ఏర్పడి మేత పట్టుకునే వయసు వస్తుంది. తల్లి అంత దూరం ఎదురీదడం ఎందుకో నాకు అక్కడే అర్థమైంది. నది పొడవు పులస పిల్లకి వయసుతో సమానం. గోడ కట్టినప్పుడు తల్లి దారి మూశామనే అనుకున్నాం, పిల్ల చిన్నతనం కూడా కోసేశాం.

మధ్యాహ్నం కాలువ తలుపుల దగ్గరికి వెళ్లాను. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు వదులుతున్నారు. నదిలో గేట్లు దించి ఉన్నాయి, దిగువన ఇసుక, మధ్యలో సన్నటి పాయ. కాలువ మాత్రం నిండుగా, ఉరవడిగా పోతోంది. పైన పుట్టిన నాలుగు పిల్లలు ఈ నెలల్లో కిందికి దిగుతూ ఉంటే ఎటు వెళ్తాయి? నీరు ఎటు పోతే అటే వెళ్తాయి. కాలువలోకి, అక్కడి నుంచి బోదెలోకి, బోదె నుంచి చేలోకి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన నీటిలో ఊరి పిల్లలు చేపలు ఏరుతుంటారు, చిన్నప్పుడు నేనూ ఏరాను. వాటిలో ఏమేమి ఉండేవో అప్పుడు చూసుకోలేదు.

మూడో రోజు: రాజమండ్రి

ఇది తిరిగిన రోజు కాదు, కూర్చున్న రోజు. జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు నాకు పాత పరిచయం. ఉదయం వెళ్లి సాయంత్రం దాకా వాళ్లింట్లోనే ఉన్నాను.

పాత మైక్రోస్కోపు బల్ల మీద పెట్టి ఒక గాజు పలక కింద దూర్చారు. "చూడు" అన్నారు. మొదట ఏమీ కనబడలేదు. ఆయన చెయ్యి చాచి మర కాస్త తిప్పారు. అడ్డంగా కోసిన ఉల్లిపాయలా, గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి గీతలు. అది చేప చెవిలో ఉండే రాయి. చేపకి బయట చెవులు కనిపించవు గానీ తల లోపల సున్నపు గింజ లాంటి రాళ్లు ఉంటాయి. పిల్లప్పుడు ఆ రాయి మీద రోజుకొక పొర చేరుతుంది.

"మధ్యలో చుక్క చూశావా, అది పుట్టిన రోజు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ రా."

నేను ముప్పైదాకా లెక్కపెట్టి తప్పాను. ఆయన పక్కనే కూర్చుని చెబుతూ వచ్చారు. గీతల మధ్య ఎడం ఎక్కువుంటే ఆ రోజు పిల్ల బాగా తిన్నట్టు, బాగా పెరిగినట్టు. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే ఆకలి రోజులు, లేదా జబ్బు, లేదా నీరు మారిన రోజులు. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే లోహం నది నీటికన్నా ఎక్కువ, అది కూడా రాతిలో చేరుతుంది. అందుకని చేప ఏ వయసులో తీపినీటి నుంచి ఉప్పునీటికి వెళ్లిందో రాయిని పరీక్షించి చెప్పగలరు. చేప తన డైరీ తానే రాసుకుంటుందని మాస్టారు అన్నారు. క్లాసులో కూడా ఇలాగే చెప్పేవారు.

"నదిలో ఎన్నాళ్లుంటాయి సార్?"

"ఐదారు నెలలు ఉండాలి. జానెడు దాకా పెరిగి దిగాలి. తొందరపడి దిగితే ఏమవుతుందో తెలుసా?" అని ఆయనే చెప్పారు.

ఉప్పునీటిలో చేప ఒంట్లోంచి నీరు బయటికి లాగేసుకుంటూ ఉంటుంది. చేప సముద్రపు నీరు తాగి, అందులో ఉప్పుని మొప్పల ద్వారా బయటికి తోడిపోయాలి. రాత్రీ పగలూ ఆగని పని అది. దానికి బలం కావాలి. తిన్నదంతా ఉప్పు తోడటానికే పోతే ఒళ్లు పెరగడానికి ఏం మిగులుతుంది? పెద్ద పిల్లకైతే మొప్పలు ముదిరి ఉంటాయి, తట్టుకుంటుంది. పసి పిల్ల తట్టుకోలేదు, బతికినా గిడసబారిపోతుంది. గిడసబారిన పిల్లని సముద్రంలో ప్రతి చేపా మింగగలదు.

మేత సంగతీ అంతే. పులస మొప్పల లోపల దువ్వెన పళ్లలాంటి ముళ్లు ఉంటాయి. నీరు అందులోంచి వడబోసి, కంటికి కనబడని నాచు, నీటి పురుగులు తింటుంది. పిల్లకి ఆ దువ్వెన ఇంకా పలచన. అది చిన్న చిన్న నీటి పురుగుల్ని వెంటాడి పట్టుకు తింటుంది. అవి పుట్టేది నెమ్మది నీటిలో, లంకల చుట్టూ, ఎండ తగిలే లోతులేని చోట. రెండు మూడు వందల కిలోమీటర్లలో పంచుకోవాల్సిన మేతని గోడ కింది 80 కిలోమీటర్లలో, అందులోనూ ఉప్పు తగలని కొద్ది భాగంలో, మిగతా చేపల పిల్లలతో కలిసి పంచుకోవాలి.

"నీరు వదలకపోతే ఆ కొద్ది భాగం కూడా ఉండదు," అన్నారు మాస్టారు. వరద తగ్గి గేట్లు దించగానే దిగువకి తీపినీటి తోపు ఆగిపోతుంది. పోటు పెట్టినప్పుడల్లా ఉప్పు పైపైకి వస్తుంది. పిల్లలు ఇంకా పెరగాల్సిన నెలలు అవే: కార్తికం నుంచి మాఘం దాకా. గోడ దాటలేకపోయిన తల్లికి జరిగిన అన్యాయం ఆగస్టులో కనబడుతుంది, నలుగురూ మాట్లాడతారు. పిల్లకి జరిగేది చలికాలంలో, ఎవరికీ కనబడకుండా జరుగుతుంది.

భోజనానికి మాస్టారి భార్య అరటికాయ వేపుడు, పప్పుచారు చేశారు. చేప వండలేదు. అడిగితే, "ఈయన కోసి చూపించిన రోజు నేను వండనండి" అన్నారు.

నాలుగో రోజు: వశిష్ఠ వెంట

బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం, అక్కడి నుంచి సిద్ధాంతం వంతెన. గౌతమి పాయ యానాం వైపు పోతుంది, నేను వశిష్ఠ వైపు తిరిగాను. రెండూ చూడాలంటే ఆరు రోజులు చాలవు.

ఒక లంకలోకి నావ మీద వెళ్లాను. కంద, అరటి, గడ్డి. అంచున మోకాళ్ల లోతు నీటిలో నిలబడి చూస్తే, ఎండలో మిలమిల మెరిసే చేప పిల్లలు వందల్లో. ఏవి ఏమిటో నాకు తెలియదు. నీరు అడుగు కనబడేంత తేటగా ఉంది. ఇలాంటి చోటే కదా పిల్ల ఆగాల్సింది అనుకున్నాను. అవతలి ఒడ్డున మాత్రం ఇసుక తవ్విన గోతులు. ఒడ్డు నిటారుగా తెగిపోయి నీరు నల్లగా, లోతుగా ఉంది. అక్కడ ఎండ అడుగుకి చేరదు.

రాత్రి రాజోలులో పిన్ని వాళ్లింట్లో పడక. ఏం చూస్తున్నావురా ఇన్ని రోజులని అడిగింది. చెప్పాను. "పిల్లల్ని ఎక్కడ చూస్తావు, నరసాపురం సంతకెళ్లు" అంది.

ఐదో రోజు: నరసాపురం

పిన్ని మాటే నిజమైంది.

తెల్లారకుండా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాను. చేపల సంతలో నేల మీద గోనె పరిచి చిన్న చేపలు కుప్ప పోసుకుని కూర్చుంది ఒక పెద్దావిడ. రకరకాల చిల్లర చేపలు. అందులో వెండిరంగువి, వేలెడు పొడవున్నవి కొన్ని.

"ఇవేంటి అమ్మా?"

"కవళ్లు బాబూ. వేయించుకుంటే బాగుంటాయి."

ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మాస్టారు చెప్పింది గుర్తుంది. పొట్ట కింద వేలు పెట్టి తోక నుంచి తల వైపు రాశాను. రంపం పళ్లలా గరగరమంది. కవళ్లకీ అలాగే ఉంటుంది, దానితో తేలదు. పక్కకి తిప్పాను. మొప్ప వెనక ఒక నల్లటి చుక్క, దాని వరసలో తోక వైపు ఇంకో నాలుగు చుక్కలు, చెరిగిపోతున్న కాటుక బొట్లలా. తర్వాత నోరు. పై పెదవి సరిగ్గా మధ్యలో, గోటితో నొక్కినట్టు చిన్న నొక్కు. కవళ్లకి ఆ నొక్కు ఉండదు. పొలుసులు అప్పటికే సగం నా వేళ్లకి అంటుకుని వచ్చేశాయి.

"అమ్మా, ఇవి పులస పిల్లలు కాదూ?"

ఆవిడ నా ముఖం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అవును బాబూ. పులస పిల్లలని చెబితే ఎవరు కొంటారు? ముళ్లంటారు. వలలో పడ్డాయి, పారేస్తామా?" అంది.

ఆవిడ చేసింది తప్పని నేను అనలేను. సన్నకన్ను వలలో చిన్న రొయ్య కోసం పోతే ఇవీ పడతాయి. పడిన వెంటనే చచ్చిపోతాయి. పారేసినా లాభం లేదు. ఆ కుప్పలో ఉన్నవన్నీ ఏరి కొన్నాను: పదహారు. నాకు అయిన డబ్బులు చెబితే ఆగస్టులో పులస కొన్నవాళ్లు నమ్మరు. పదహారూ కలిసి ఒక కాఫీ ఖరీదు కూడా లేవు.

లాడ్జి గదిలో పేపరు పరిచి స్కేలుతో కొలిచాను. అన్నిటికన్నా పెద్దది 11 సెంటీమీటర్లు, చిన్నది 6. జానెడు పెరిగి దిగాల్సినవి. వయసు తక్కువై అంతున్నాయో, వయసుండీ అంతేనో, చెవిలో రాయి చూస్తే గానీ తెలియదు. డబ్బాలో ఐసు వేసి మాస్టారికి పంపాను.

బంగ్లాదేశ్‌లో ఈ పిల్లలకి పేరుంది, జాట్కా అంటారు. మనకి పిల్లకి వేరే పేరు నేను విన్లేదు, ధర ఉన్న చేపకే పేరు పెట్టుకున్నాం. అక్కడ నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లకన్నా చిన్న ఇలిష్‌ను పట్టడం, అమ్మడం నేరం. అక్టోబరులో తల్లి చేపల కోసం 22 రోజుల నిషేధం వేరే. వేట మానేసినందుకు జాలరి కుటుంబాలకి నాలుగు నెలలపాటు నెలకి 40 కిలోల బియ్యం ఇస్తారు. 2002-03లో రెండు లక్షల టన్నులకి పడిపోయిన ఇలిష్ దిగుబడి 2017-18 నాటికి ఐదు లక్షల టన్నులు దాటింది. అక్కడ మేఘనా నది సముద్రం దాకా అడ్డు లేకుండా పారుతుంది, అది వాళ్ల అదృష్టం. మనకి అడ్డు ఉంది, దాన్ని తీసేయమని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ చలికాలం మూడు నాలుగు నెలలు దిగువకి కాస్త నీరు వదలడం, ఆ నెలల్లో సన్నకన్ను వలలు ఆపి, ఆపినందుకు ఆ పెద్దావిడ ఇంటికి బియ్యం పంపడం, వరద మొదట్లో తల్లులు గోడ దగ్గరికి చేరిన రోజులు చూసి కొన్ని గేట్లు వాటి కోసం ఎత్తి ఉంచడం, ఇవి మన చేతుల్లో పనులే.

ఆరో రోజు: అంతర్వేది

నరసింహస్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాను. వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఒక పక్క నది రంగు, ఒక పక్క సముద్రం రంగు, మధ్యలో నురుగు గీత. దోసిట్లో నీరు తీసి నాలిక్కి తగిలించుకున్నాను. ఉప్పు. నదిలోకి చాలా దూరం వెనక్కి నడిచి మళ్లీ చూశాను. ఉప్పే.

ఒక కుర్రాడు విసురు వలతో నీటిలో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. పాటు మొదలైంది, నీరు సముద్రం వైపు లాగుతోంది. పులస పిల్లలు పడతాయా తమ్ముడూ అంటే, "పడతాయండి, ఈ పాటుకే దిగుతాయి" అన్నాడు. పడితే చెప్పమన్నాను.

మూడు విసుర్లు ఖాళీ. నాలుగోసారి నాలుగైదు పరిగెలు, ఒక పీత. ఐదోసారి వల దగ్గరికి లాగుతూ, "రండి రండి" అని పిలిచాడు. నేను ప్యాంటు తడుపుకుంటూ వెళ్లాను. వలలో ఒకే ఒక్కటి, వెండిలా, పక్కన చుక్కలతో. నేను చెయ్యి పెట్టబోతే చటుక్కున ఆపాడు.

"ముట్టుకోకండి. మన చెయ్యి తగిలితే పొలుసు రాలిపోద్ది, చచ్చిపోద్ది. ఇలా చూడండి."

వలని నీటిలోంచి పైకి తియ్యలేదు. అంచు పట్టుకుని, నీటిలోనే నెమ్మదిగా వంచాడు, పసిబిడ్డకి ఒళ్లు తుడిచి తువ్వాలు తీస్తున్నట్టు. పిల్ల కాసేపు వల కొసన కదలకుండా నిలబడింది. నా జేబులో పెన్ను కన్నా పొట్టిది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. తర్వాత ఒక్కసారి తల పాయ పైవైపుకి, తీపినీరు వచ్చే వైపుకి తిప్పింది. రెండు మూడు సార్లు తోక ఆడించింది. పాటు బలంగా ఉంది. ఎదురు వెళ్లలేక వెనక్కి జారుతూ, జారుతూ, నురుగు గీత దగ్గర మాకు కనబడకుండా పోయింది.

కుర్రాడు వల దులిపి భుజాన వేసుకున్నాడు.